మా ఇంట్లో ఇద్దరు నాంచారమ్మలు

నా పేరు నాంచారమ్మ. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ల ముఖంలో ఏదో ఒక కదలిక వస్తుంది. నా ఈడువాళ్లయితే మా మేనత్త పేరూ అదేనండీ అంటారు. నలభై లోపు వాళ్లు నవ్వు ఆపుకుంటారు. ఇరవై లోపు వాళ్లు ఆ కష్టం కూడా పెట్టుకోరు. మొన్నామధ్య క్రెడిట్ కార్డు అంటగట్టడానికి ఫోన్ చేసిన అబ్బాయి నా పేరును రెండు ముక్కలు చేసి, రెండిటినీ ఖూనీ చేశాడు. కార్డు సంగతి తర్వాత, ముందు పేరు సరిగ్గా పలకమని మూడుసార్లు అనిపించాను. మూడోసారి బాగానే అన్నాడు. కార్డు వద్దని చెప్పి పెట్టేశాను. ముప్పై మూడేళ్లు హైస్కూళ్లలో తెలుగు చెప్పినదాన్ని, ఆ మాత్రం చాదస్తం ఉంటుంది.

మా ఇంట్లో ఈ పేరు గలవాళ్లం ఇద్దరం. రెండోది నా మనవరాలు, నా కొడుకు కూతురు. విజయవాడలో ఒక ప్రైవేటు స్కూల్లో పదో తరగతి చదువుతోంది. దసరా సెలవులు అయిపోయి బడి తెరిచాక, ఒక శుక్రవారం సాయంత్రం ఆ పిల్ల ఇంటికొచ్చి బ్యాగులోంచి ఒక ఫారం తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. పబ్లిక్ పరీక్షకు పంపే వివరాలు. పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు. అన్నీ సరిచూసి, పేరులో మార్పు ఏదైనా కావాలంటే దరఖాస్తు జతచేసి సోమవారం ఇవ్వాలి. ఇలాంటి ఫారాలు నేను కట్టలకొద్దీ నింపించాను కాబట్టి దాని బరువు నాకు తెలుసు. పదో తరగతి సర్టిఫికెట్ మీద పడిన పేరే మనిషికి ఖాయమైన పేరు. ఆ తర్వాత మార్చుకోవాలంటే గెజిట్లూ అఫిడవిట్లూ పట్టుకుని ఆఫీసుల చుట్టూ ప్రదక్షిణాలు చేయాలి.

మనవరాలు నా వైపు చూడకుండా వాళ్ల నాన్నతో చెప్పింది.

"నేను పేరు మార్పించుకుంటాను నాన్నా. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పటికీ కుదరదంట."

నా కొడుకు నా వైపు చూశాడు. వాడు చిన్నప్పటి నుంచీ అంతే, కష్టమైన ప్రశ్న వస్తే పక్కవాడి పేపర్లోకి తొంగిచూస్తాడు. కోడలు మాత్రం గరిటె పట్టుకుని వంటింట్లోంచి వచ్చి, ఏం, ఆ పేరుకేమొచ్చింది అని మొదలుపెట్టింది. తల్లీకూతుళ్ల మధ్య మాటా మాటా పెరిగింది. చివరికి తేలిందేమిటంటే, క్లాసులో పిల్లలు దీన్ని 'నాంచారి మంచూరి' అంటున్నారట. కొత్తగా వచ్చిన లెక్కల సారు హాజరు పిలుస్తూ ఈ పేరు దగ్గర ఆగి, ఈ కాలంలో కూడా ఉన్నారా అమ్మా మీరు, అన్నాడట. క్లాసంతా నవ్విందట. ఇది ముసిముసి నవ్వుల మధ్య నిలబడి 'ప్రెజెంట్ సార్' అందట.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదంటే, సారు మీద కొంత, పిల్లల మీద కొంత, ఎక్కువ భాగం నా మనవరాలి మీదే. కానీ పెద్దరికం ఒకటి ఏడ్చింది కదా. నీ పేరు నీ ఇష్టం, నాకేం అభ్యంతరం లేదు అన్నాను. అది పచ్చి అబద్ధం. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఒక పేరు కోసం ఇంత పట్టింపేమిటని మీరు అనుకోవచ్చు. మాది ఉయ్యూరు దగ్గర ఒక పల్లె. మా నాయనమ్మ పేరు నాంచారమ్మ. ఆవిడకు వాళ్ల నాయనమ్మ పేరు పెట్టారు. నాకు ఆవిడ పేరు పెట్టారు. నా పేరు నా మనవరాలికి వచ్చింది. అంటే ఈ పేరు ఒక ఇంట్లో పుట్టి, కోడలిగా ఇంకో ఇంటికి వెళ్లి, అక్కడ మనవరాలిగా మళ్లీ పుడుతుంది. ఇంటిపేర్లు మగవాళ్లవి, అవి పొలాల్లాగా ఉన్నచోటే ఉంటాయి. ఈ పేరు మాత్రం ఆడవాళ్లది, ఆడవాళ్లతో పాటే ఊరు మారింది, ఇల్లు మారింది. నాకు ముందు ఎంతమంది నాంచారమ్మలో నాకు తెలియదు. నా తర్వాతది మాత్రం ఒక్కతే, అదీ సోమవారం ఫారంలో మార్చేసుకుంటానంటోంది. దాంతో ఆ వరస తెగిపోతుంది.

మా అమ్మ నన్ను పేరు పెట్టి పిలిచి ఎరగదు. అత్తగారి పేరు కోడలు నోటితో అనకూడదు కాబట్టి 'పెద్దమ్మాయీ' అని పిలిచేది. మా నాన్నకేమో నన్ను పేరు పెట్టి తిడితే వాళ్లమ్మను తిట్టినట్టుండేది. అందుకని నేను చేసిన అల్లరికి కూడా దెబ్బలు మా తమ్ముడే తినేవాడు. వాడికి ఇప్పటికీ ఆ పేరంటే పడదు. నాయనమ్మ వక్కలు కత్తిరించుకుంటూ, నా పేరు పెట్టుకున్నందుకు నీకు నేనిచ్చే ఆస్తి అదేనే, అనుభవించు, అని నవ్వేది. నేను బాగానే అనుభవించాను.

నా మనవరాలికి ఈ పేరు నేను పెట్టించలేదు. ఆ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే చుట్టాలందరూ ముసలమ్మ పట్టుబట్టి పెట్టించింది అనుకుంటారు. పెట్టింది నా కోడలు. పిల్ల ఎనిమిదో నెలలోనే పుట్టేసింది. ఇరవై రోజులు ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో ఉంచారు. కోడలికి తల్లి లేదు. తను లేవలేని స్థితిలో ఉంటే, పాల సీసా పట్టుకుని రోజుకు ఎనిమిదిసార్లు ఆ గది దగ్గరికి వెళ్లింది నేనే. సీసా లోపలికి పంపాలంటే అక్కడి పుస్తకంలో సంతకం చేయాలి. అలా నా సంతకం చూసి చూసి, అక్కడి నర్సులు ఆ పిల్లను 'నాంచారమ్మగారి బేబీ' అనడం మొదలుపెట్టారు. తర్వాత 'గారి బేబీ' కూడా ఎగిరిపోయింది. ఈరోజు నాంచారమ్మ ఇరవై గ్రాములు పెరిగిందండీ, నాంచారమ్మ కళ్లు తెరిచిందండీ, అని చెప్పేవాళ్లు.

బారసాల నాడు పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాయమని నా కొడుకును కూర్చోబెట్టారు. వాడు ఒక జాబితా తెచ్చుకున్నాడు. కోడలు ఆ జాబితా తీసి పక్కన పెట్టి, పిల్ల ఏ పేరుతో బతికిందో ఆ పేరే రాయండి అంది. నేను వద్దన్నాను. ఈ కాలంలో ఆ పేరేమిటి, రేపు బడిలో ఏడిపిస్తారు అని నేనే అన్నాను. పైకి అలా అంటూనే, లోపల మాత్రం వద్దన్న నా మాట ఎక్కడ వింటారో అని భయపడ్డాను. దేవుడి దయవల్ల ఎవరూ వినలేదు. వంటింట్లోకి వెళ్లి పాయసం కలుపుతున్నట్టు నటించి ఏడ్చాను.

మా అమ్మలా నా కోడలికి పట్టింపులేమీ లేవు. అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులోంచి, "నాంచారమ్మా, బస్సొచ్చింది, ఇంకా జడేనా నీకు" అని అరుస్తుంది. నన్నే తిడుతున్నట్టుంటుంది ఒక్కోసారి. నిజంగానే నన్ను తిడుతుందేమో కూడా, ఎవరు చూడొచ్చారు. ఆ కేక వినడం నాకు మాత్రం ఇష్టం.

ఈ పేరంటే నాకు మొదటి నుంచీ ఇంత గర్వం ఉందని చెప్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. భాషాప్రవీణ చదవడానికి పట్నంలో కాలేజీలో చేరినప్పుడు నన్ను చూసీ నవ్వారు. ఒకరోజు వ్యాకరణం చెప్పే మాస్టారు ఆ నవ్వులు విని, పాఠం ఆపి, నవ్వినవాళ్లను ఆ పేరుకు అర్థం చెప్పమన్నారు. ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. తమిళంలో నాచ్చియార్ అంటే దొరసాని, ఏలుకునే తల్లి అని, వైష్ణవంతో పాటు ఆ మాట ఇటొచ్చి మన నోళ్లలో నాంచారు అయిందని ఆయన చెప్పారు. కల్యాణానికి స్వామివారు ఉభయ నాంచారులతో వేంచేశారని అర్చకులు అంటారే, ఆ నాంచారులు శ్రీదేవి, భూదేవి. అక్కడి నుంచే కృష్ణ ఒడ్డున ఊరూరా ఆడపిల్లలకు నాంచారమ్మ, మగపిల్లలకు నాంచారయ్య అని పేర్లు పెట్టుకున్నారట. నేను ఇవన్నీ శ్రద్ధగా నోట్సులో రాసుకున్నాను. రాసుకున్నంత మాత్రాన సిగ్గు పోలేదు. పరీక్షలో వస్తే రాద్దామన్నంత వరకే నాకు ఆ అర్థం ఉపయోగపడింది.

నాకు మొదటి ఉద్యోగం ఉయ్యూరు అవతల చెరుకు తోటల మధ్య ఉన్న హైస్కూల్లో వచ్చింది. అప్పట్లో ఆ చుట్టుపక్కల నాంచారమ్మ లేని ఇల్లు లేదు. నేను చూసే తరగతి హాజరు పట్టీలోనే ముగ్గురుండేవాళ్లు. కాలవగట్టు నాంచారమ్మ, మిల్లు నాంచారమ్మ, పొట్టి నాంచారమ్మ అని విడదీసి పిలిచేదాన్ని. బస్టాండులో ఎవరైనా నాంచారమ్మా అని కేకేస్తే నలుగురు వెనక్కి తిరిగేవాళ్లు. నేను మాత్రం తిరిగేదాన్ని కాదు. బళ్లో నన్ను అందరూ తెలుగు టీచరుగారు అనేవాళ్లు, అది నాకు సుఖంగా ఉండేది. సంతకం కూడా ఎవరికీ అర్థం కాకుండా ఒక మెలిక తిప్పి వదిలేసేదాన్ని.

ముగ్గురిలోనూ కాలవగట్టు పిల్ల చదువులో మెరిక. వాళ్ల అమ్మానాన్నలు చెరుకు కొట్టే కూలీలు. పదో తరగతి పరీక్షకు పేర్ల పట్టిక రాసే రోజు వచ్చింది. ఇంత తెలివైన పిల్ల ఈ పేరుతో పెద్ద కాలేజీలకు వెళ్లి ఏం నెగ్గుకొస్తుంది అని నాకు జాలి వేసింది. ఆ రోజుల్లో పల్లె బళ్లలో టీచర్లు పిల్లల పుట్టిన తేదీలూ పేర్లూ తమకు తోచినట్టు రాసేయడం మామూలు సంగతే. చదువుకున్నవాళ్లు, వాళ్లకు తెలియదా అని తల్లిదండ్రులూ ఊరుకునేవాళ్లు. నేనూ అదే పని చేశాను. ఆ పిల్లకు నాజూకైన పేరొకటి ఆలోచించి, పట్టికలో రాసి, ఇకనుంచి నీ పేరు ఇదమ్మా అని వరమిచ్చినట్టు చెప్పాను. ఆ పిల్ల తలూపింది. నేను చేసిన మంచిపనికి నాకే ముచ్చటేసింది.

మర్నాడు మధ్యాహ్నం ఆ పిల్ల తల్లి బడికి వచ్చింది. పనిలోంచి నేరుగా వచ్చినట్టుంది, చేతుల నిండా చెరుకాకు కోసిన గీతలు. స్టాఫ్ రూమ్ గుమ్మం బయటే నిలబడి నమస్కారం పెట్టింది. కోపంగా మాట్లాడలేదు. అడగడానికే వచ్చాను అన్నట్టు అడిగింది.

"అది మా అత్త పేరండీ. నా మొగుడు పొత్తిళ్లలో ఉండగానే మా మామ పోతే, ఆవిడొక్కతే చెరుకు కొట్టి సాకింది. ఆవిడ పేరు నా కూతురికి నేను పెట్టుకున్నానండీ. మీరెందుకు తీసేశారో చెప్తే వింటాను."

నేను చెప్పాను. పెద్ద చదువులు, పట్నం, నలుగురిలో తిరగడం, అదీ ఇదీ. ఆవిడ అంతా విని, ఇంతకీ తమరి పేరేంటండీ అంది. స్టాఫ్ రూమ్‌లో కాగితాల చప్పుడు ఆగిపోయింది. నా పేరు చెప్పక తప్పలేదు. ఆవిడ నవ్వలేదు. కాసేపు నన్ను ఎగాదిగా చూసింది.

"మరి ఆ పేరుతోనే మీరు చదివి టీచరమ్మ అయ్యారు కదండీ. మా పిల్లకి ఎందుకు చాలదనుకున్నారు?"

అప్పటికప్పుడు పట్టిక తెప్పించి, ఎర్ర సిరాతో కొట్టేసి, పైన పాత పేరు రాసి, హెడ్మాస్టరుగారి చేత సంతకం పెట్టించాను. పక్కన నా సంతకం చేయాల్సి వచ్చినప్పుడు, మెలిక తిప్పకుండా పేరంతా రాశాను. ఆ రోజు నుంచి అలాగే రాస్తున్నాను. ఆస్పత్రి పుస్తకంలో నర్సులు చదవగలిగింది అందుకే. కాలవగట్టు నాంచారమ్మ ఇంజనీరింగు చదివి కొండపల్లి దగ్గర కరెంటు ప్లాంటులో ఉద్యోగం చేసింది. గది తలుపు మీద పేరు పలక పెట్టారని ఫోన్ చేస్తే, పని కట్టుకుని బస్సెక్కి వెళ్లి చూసి వచ్చాను. తెల్ల పలక మీద నల్లటి అక్షరాలు, మా పేరే.

అప్పటి నుంచి నేనొక నియమం పెట్టుకున్నాను. ఎవరికి ఏ దరఖాస్తు రాసిపెట్టినా వాళ్లు చెప్పిందే రాస్తాను, నా మాట ఒక్కటీ కలపను. రాశాక వాళ్ల చేత ఒకసారి పైకి చదివిస్తాను. చదివాకే సంతకం.

తర్వాతి ఏళ్లలో హాజరు పట్టీల్లో మా పేరు పలచబడుతూ వచ్చింది. ముగ్గురున్న చోట ఇద్దరయ్యారు, ఆ తర్వాత ఒకరు, కొన్నేళ్లకు ఆ ఒకరూ లేరు. నేను రిటైరయ్యే నాటికి పేరు చివర 'ఇక' తగిలించుకోని ఆడపిల్ల కనిపించడమే గగనం. అర్థం అడిగితే ఇంటర్నెట్‌లో లక్ష్మీదేవి అని ఉందండీ అనేవాళ్లు. ఏ పేరు అడిగినా లక్ష్మీదేవే. తనకు ఇన్ని పేర్లున్నాయని ఆ తల్లికైనా తెలుసో లేదో. పిల్లలవి మంచి పేర్లే, వాళ్లను నేనేమీ అనను. పిలిస్తే పలికితే చాలు.

ఫారం వచ్చిన మర్నాడు శనివారం, మనవరాలికి స్నేహితురాలి ఓణీల ఫంక్షన్‌కు గాజులు కావాలంటే వన్ టౌన్ తీసుకెళ్లాను. ముందురోజు గొడవ తర్వాత ఇద్దరం పొడిపొడిగా మాట్లాడుకుంటున్నాం. తోపుడు బళ్ల మధ్య దారి చేసుకుంటూ ఒక గాజుల కొట్టుకు వెళ్లాం. ముస్లిముల కొట్టు. గల్లాపెట్టె దగ్గర కొడుకు కూర్చుంటే, లోపల గద్దె మీద వాళ్లమ్మగారు కూర్చుని ఆడవాళ్లకు గాజులు తొడుగుతోంది. నా ఈడే ఉంటుంది. మనవరాలి చెయ్యి పట్టుకుని సైజు చూస్తూ, పేరేంటి బేటీ అని అడిగింది.

మనవరాలు ఒక పేరు చెప్పింది. తను మార్చుకోబోతున్న పేరు. ఆ పేరేమిటో అప్పటిదాకా నాకు చెప్పలేదు, మొదటిసారి అక్కడే విన్నాను. చివర 'ఇక' ఉంది. నన్ను పక్కన పెట్టుకునే చెప్పింది. ఆవిడ మర్యాదకు నా వైపు తిరిగి, మీ పేరేంటమ్మా అంది. అవసరమైనదానికంటే గట్టిగా చెప్పాను. గల్లా దగ్గరున్న కొడుకు కూడా తలెత్తాడు.

ఆవిడ చేతిలో గాజులు కింద పెట్టేసింది. "నాంచారమ్మా? అయితే మీరు మా ఆడపడుచమ్మా," అంది.

బీబీ నాంచారి కథ నాకు తెలియనిది కాదు. ఢిల్లీ సుల్తాను కూతురు స్వామి విగ్రహాన్ని ప్రేమించి, దాన్ని వెనక్కి తీసుకుపోతుంటే వెంటపడి దక్షిణానికి వచ్చేసిందని, స్వామి ఆవిడకు తన పక్కన చోటిచ్చి నాంచారుగా చేసుకున్నాడని చెప్తారు. అందులో చరిత్ర ఎంతో నాకు తెలియదు. కానీ ఆ కథను ఒక ముస్లిం ఇంటి పెద్దావిడ తన పుట్టింటి సంగతిలా చెప్తుంటే వినడం అదే మొదలు. కొండ మీది దేవుడు మనకు అల్లుడవుతాడని వాళ్ల అత్తగారు చెప్పేదట. ఆ పేరున్న ఆడపిల్ల కొట్టుకొస్తే ఉత్త చేతులతో పంపకూడదని కూడా చెప్పేదట. అత్తగారు ఉండగా ఏడాదికి పదిమందైనా వచ్చేవాళ్లని, ఇప్పుడు ఆ పేరు విని ఎన్నేళ్లయిందో అని ఆవిడ అంటూనే నా చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. కీళ్లు బిగుసుకుపోయిన చెయ్యి. ఓపిగ్గా వేళ్ల మొదళ్లు నొక్కి, ఒక్కటి కూడా చిట్లకుండా డజను ఆకుపచ్చ గాజులు ఎక్కించింది. డబ్బు ఇవ్వబోతే, పుట్టింటివాళ్లకు డబ్బిస్తారా అని కోప్పడింది. మనవరాలి గాజులకు మాత్రం లెక్క ప్రకారం తీసుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మనవరాలు నా చేతి వంకే చూస్తూ కూర్చుంది. నేను కావాలనే చెయ్యి ఒళ్లో చాపుకున్నాను. ఆ మాత్రం చిన్నబుద్ధి నాకుంది.

ఆదివారం పొద్దున టిఫిన్లయ్యాక ఆ పిల్ల ఫారమూ పెన్నూ పట్టుకుని నా గదికి వచ్చింది.

"దరఖాస్తు రాసిపెట్టు నాయనమ్మా. నీకైతే ఎలా రాయాలో తెలుసు. నువ్వు ఫీలవ్వవు కదా?"

గాజుల కొట్టు తర్వాత మనసు మారి ఉంటుందని నేను ఎక్కడో ఆశ పెట్టుకున్నాను. మారలేదు. రాయను పొమ్మని ఉండొచ్చు, ఏడ్చి బెదిరించి ఉండొచ్చు. నేను ఏడిస్తే ఆ పిల్ల మానేస్తుందని కూడా నాకు తెలుసు. కానీ ఒకసారి ఒక పిల్ల పేరు నా చేతిలోకి తీసుకుని పడ్డ అవమానం చాలు. నా నియమం చెప్పి, తెల్లకాగితం తెమ్మన్నాను.

ప్రధానోపాధ్యాయులవారికి అని మొదలుపెట్టాను. నాంచారమ్మ అను నేను తమ పాఠశాలలో పదవ తరగతి చదువుచున్నాను, అని ఒక లైను. నా పేరును ఫలానా పేరుగా మార్చవలసినదిగా కోరుచున్నాను, అని రెండో లైను. మూడో లైను దగ్గర ఆగి, కారణం చెప్పు అన్నాను.

ఏదో ఒకటి నువ్వే రాసెయ్ అంది. నీ కారణం నాకెలా తెలుస్తుందే, నువ్వే చెప్పాలి అన్నాను. తల వంచుకుని, పెన్ను మూత గోటితో గిల్లుతూ చెప్పింది. ఈ పేరు పాతది, నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది అని. నేను అక్షరం పొల్లుపోకుండా రాశాను. నా గుండ్రటి అక్షరాలు ఎక్కడా వంకర పోలేదు. రాసి, కాగితం తన వైపు తిప్పి, పైకి చదవమన్నాను.

క్లాసులో లేచినట్టు లేచి నిలబడి చదివింది. "నాంచారమ్మ అను నేను" అని గడగడా మొదలుపెట్టింది. రెండో లైనూ అలాగే చదివింది. మూడో లైనులో, నలుగురిలో చెప్పుకోవడానికి, అన్నదాకా వచ్చి నెమ్మదించింది. కాగితం మీది చేతిరాత చూసింది. నన్ను చూసింది. మళ్లీ కాగితం చూసింది. ఆ తర్వాతి మాట చదవలేదు.

"ఇది నీ చేత్తో రాయించకూడదు నాయనమ్మా. నేను రాసుకుంటాను ఇవ్వు," అంది.

ఇంకో తెల్లకాగితం తెచ్చుకుని నా మంచం పక్కనే కూర్చుని రాయడం మొదలుపెట్టింది. మొదటి రెండు లైన్లూ చకచకా అయిపోయాయి. ఆ తర్వాత పెన్ను ఆగిపోయింది. వంటింట్లో మిక్సీ తిరిగి ఆగింది, మళ్లీ తిరిగింది. ఆ పిల్ల ఒక మాట రాయబోయి మానేసింది. కిటికీలోంచి బయటికి చూసింది. చాలాసేపటికి తలెత్తింది.

"మూడో లైను రావట్లేదు నాయనమ్మా," అంది.

పద్యం అప్పజెబుతూ మధ్యలో ఆగిపోయిన పిల్లలకు తర్వాతి పాదం అందించకుండా నేను ఏనాడూ ఉండలేదు. తోటి టీచర్లు తిట్టేవాళ్లు కూడా, మీరే చెప్పేస్తే వాళ్లింకేం నేర్చుకుంటారండీ అని. ఆ పొద్దున మాత్రం నేను పెదవి కదపలేదు. ఇలా రాయి అనలేదు, మానెయ్ అని కూడా అనలేదు.

కాసేపు చూసి ఆ పిల్ల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పక్కన పడేసింది. ఫారం దగ్గరికి లాక్కుంది. పేరు రాసే చోట ఒక్కో ఇంగ్లీషు అక్షరానికి ఒక్కో గడి ఉంది. తొందరపడకుండా, గడి గీత దాటకుండా, నిండుగా పదకొండు గడులు నింపింది. మార్పులు అన్న చోట 'లేవు' అని రాసింది. రాశాక ఫారం నా వైపు తిప్పి, తప్పులున్నాయేమో చూడు అంది.

కళ్లజోడు పెట్టుకున్నాను. అయినా ఒక్క అక్షరమూ కనిపించలేదు, కళ్లు అలా నిండిపోయాయి. ముప్పై మూడేళ్ల ఉద్యోగంలో చదవకుండా ఎవరి కాగితానికీ సరే అనలేదు. ఆ రోజు మాత్రం చదవకుండానే, తప్పుల్లేవే నాంచారమ్మా, అన్నాను.